మామ వడగట్టిన యూరియా నీళ్లు

పోయిన వారం మనం స్వర్ణను పుంగనూరు బైపాస్ పక్కన ఆమె రేకుల షెడ్డులో, బస్సు కింద వెల్లకిలా పడుకోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. అది మామూలు బస్సు కాదు. సదుం, సోమల పల్లెల్లో కిడ్నీలు చెడిపోయినవాళ్లను డయాలసిస్‌కు కుప్పం తీసుకెళ్లి, పొద్దుపోయేలోపు ఇళ్లకు చేర్చే బస్సు. ఊళ్లవాళ్లంతా కమిటీగా కలిసి పెట్టుకున్నారు. అందులో ఎక్కేవాళ్లలో స్వర్ణ తల్లి గంగులమ్మ కూడా ఉంది. కొంతకాలంగా ఆ బస్సు డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలగడం, దారి మధ్యలో ఇంజను నీరసించడం మొదలైంది. పంపు పోయిందని చెప్పి స్వర్ణ కొత్త పంపు వేసింది. కొత్త పంపుతో వెళ్లిన బస్సు పాత దీపంతోనే తిరిగొచ్చింది.

కమిటీ పెద్ద రాజగోపాల్ సారు కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కోప్పడలేదు. మళ్లీ ఇలాగే అయితే బస్సులు నడపడం మానేస్తామని, దారిలో ఎవరికైనా ఏదైనా అయితే ఆ పాపం మోయలేమని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. బస్సు లేకపోతే గంగులమ్మ కుప్పం వెళ్లలేదు. ఆటోలు మారి, బస్సులు మారి అంత దూరం వెళ్లిరాగల సత్తువ ఆమె ఒంట్లో లేదు. వెళ్లకపోతే ఏమవుతుందో స్వర్ణకు తెలుసు, అందుకే ఆ మాట ఆలోచించడం మానేసింది. ఈ రోజుకు మాత్రం డ్రైవర్ ఆదెప్ప కమిటీవాళ్ల రెండో బస్సులో, కొత్తదాంట్లో, అందరినీ ఎక్కించుకుని వెళ్లాడు. పాత బస్సు షెడ్డులో మిగిలింది. మధ్యాహ్నం ఎండకు రేకులు చిటపటమంటున్నాయి.

ఇంతకీ ఆ రోగం ఏమిటో చెప్పుకోవాలి. ఇప్పటి డీజిల్ బండ్లకు డీజిల్ ట్యాంకు పక్కనే నీలం మూత ఉన్న ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసే రంగులేని నీళ్లను కంపెనీవాళ్లు డెఫ్ అంటారు, డ్రైవర్లు యూరియా అంటారు. పొగగొట్టంలో వేడి పొగ మీద ఆ నీళ్లను సన్నగా చిమ్మితే పొగలో విషం విరుగుతుంది. చిమ్మాలంటే ఒత్తిడి కావాలి, ఆ ఒత్తిడి ఇచ్చేది స్వర్ణ మార్చిన పంపే. ఈ బస్సుకు తొమ్మిది బార్ ఉండాలి. అంతకు బాగా తగ్గిందంటే కంప్యూటర్ ముందు దీపం వెలిగిస్తుంది, తర్వాత ఇంజను గొంతు పట్టుకుంటుంది. గాలి చెడగొట్టేవాణ్ణి ఊరికే వదలకూడదని దానికి నేర్పి పెట్టారు. లోపల డయాలసిస్ చేయించుకున్నవాళ్లు ఉన్నారని మాత్రం ఎవరూ నేర్పలేదు.

స్వర్ణ తెలివితక్కువది కాదు. తంబళ్లపల్లె వైపు కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, పాలిటెక్నిక్ చదివి, మదనపల్లెలో లారీల సర్వీస్ సెంటర్లో టమోటా లారీల పొగ మింగి పని నేర్చుకుంది. తర్వాత సొంతంగా ఈ షెడ్డు పెట్టుకుంది. ఆడపిల్ల గ్రీజు పూసుకుంటే చుట్టాల్లో తలెత్తుకోలేమని అందరూ సణిగినప్పుడు, అందరి నోళ్లూ మూయించి స్థలం ఇచ్చినవాడు మేనమామ గోవిందస్వామి. ఆ మామ పరువు కూడా ఈ షెడ్డు మీదే నిలబడి ఉంది. అందుకే పంపు విషయంలో తాను తప్పు చెప్పానేమోనన్న అనుమానం రెండు రోజులుగా స్వర్ణను అన్నం తిననివ్వడం లేదు.

ఈసారి ఎవరి మాటా నమ్మకూడదని, తన మాట అసలే నమ్మకూడదని ఒట్టు పెట్టుకుంది. పైపులు ఎక్కడా కారడం లేదు. వైర్లు బాగున్నాయి. చిమ్మే ముక్కుకు తెల్లగా ఉప్పు కట్టి ఉంటే వేడినీళ్లతో కడిగింది. అయినా లాప్‌టాప్‌లో ఒత్తిడి ఆరు దగ్గరే ఊగిసలాడింది. అప్పుడు ఆమె మొదటిసారే చేయాల్సిన పని చేసింది. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపును విప్పి, మదనపల్లె నుంచి తెప్పించిన డెఫ్ క్యాన్‌ సీలు అప్పుడే విప్పి అందులో ముంచింది. ఇంజను తిప్పి లాప్‌టాప్ ముందు కూర్చుంది. అంకె ఏడు దాటింది, ఎనిమిది దాటింది, తొమ్మిదికి వచ్చి కదలకుండా నిలబడింది. మళ్లీ పైపును బస్సు ట్యాంకుకే తగిలించింది. అంకె జారిపోయింది.

అంటే పంపు తప్పు లేదు. కొత్త పంపుదే కాదు, ఆమె పీకి మూలన పడేసిన పాత పంపుది కూడా లేదు. స్వర్ణకు ముందు సంతోషం వేసింది, వెంటనే సిగ్గేసింది. ఆ సిగ్గును పక్కనబెట్టి ట్యాంకు ఖాళీ చేసి, లోపల నీళ్లు పీల్చే చోట ఉండే సన్నటి జల్లెడను బయటికి తీసింది. తెల్లగా ఉండాల్సిన జల్లెడ గోధుమరంగు జిగురుతో పూడిపోయి ఉంది. వేడినీళ్లు పోసింది. యూరియా గడ్డకట్టిందైతే వేడినీళ్లకు కరగాలి. ఇది కరగలేదు, వేళ్లకు జిడ్డుగా అంటుకుంది.

ఆమె వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుంది. వేప వాసన. చిన్నప్పుడు అమ్మతో కలిసి టమోటా సాళ్లలో వంగి, గుప్పెడు గుప్పెడు యూరియా చల్లి, చెయ్యి ఎంత కడుక్కున్నా అన్నంలోకి వచ్చిన వాసన ఇది. రైతులకిచ్చే యూరియాకు వేపనూనె పట్టిస్తారు, నేలలో నిదానంగా కరగాలని. కంపెనీ డెఫ్‌లో వేప ఎందుకు ఉంటుంది? చుక్క వేసి కంటికి ఆనించుకుని చూసే చిన్న మీటరు ఒకటి ఆమె దగ్గర ఉంది. యూరియా ఎంత పాలు, నీళ్లు ఎంత పాలు అని అది చెబుతుంది. మిగిలిన నీళ్లను దాంతో చూసింది. కొలత సరిగ్గా ఉంది. మొదటిరోజు కూడా ఇలాగే సరిగ్గా ఉండబట్టే నీళ్లను వదిలేసి పంపును అనుమానించింది. బస్సులో ఉన్న సెన్సారు కూడా అలాగే మోసపోయింది.

ఆ బస్సుకు యూరియా ఎవరిస్తున్నారో ఆదెప్ప ఎప్పుడో చెప్పాడు. అక్క ఎక్కే బస్సని గోవిందస్వామి తన ఎరువుల అంగడి నుంచి ఊరికే ఇస్తున్నాడు. మామ ఎక్కడో డీలరు దగ్గర కొంటున్నాడనే స్వర్ణ ఇన్నాళ్లూ అనుకుంది. ఎక్కడ కొంటున్నాడని అడగాలని ఆమెకు ఏనాడూ తోచలేదు.

ఆమె ఫోను చేయకముందే మామ మోపెడ్ చప్పుడు వినిపించింది. సాయంత్రం అంగడి నుంచి వస్తూ ఒక ఫ్లాస్కు కాఫీ పట్టుకురావడం ఆయనకు అలవాటు. ఎరువుల అంగట్లో మూటలు మోసే హమాలీగా మొదలుపెట్టి సొంత అంగడి పెట్టుకున్న మనిషి. నడుము ఇంకా కొద్దిగా ముందుకే వంగి ఉంటుంది. కాఫీ పోసి గ్లాసు అందించబోతే స్వర్ణ తీసుకోలేదు.

"మామా, ఈ బస్సుకు నువ్విచ్చే యూరియా యాడిది?"

"నాదే."

"యాడ కొన్నావని అడగతాండాను."

"కొనేదేందమ్మా. నేనే సేస్తాండాను."

చెప్పేటప్పుడు ఆయన ముఖంలో దొంగతనం లేదు, గర్వం ఉంది. ఎలా చేస్తాడో కూడా వరసగా చెప్పుకొచ్చాడు. బోరు నీళ్లు ఉప్పని ఆయనకు తెలుసు, అందుకే మినరల్ వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పిస్తాడు. యూరియాను తూకం వేసే పోస్తాడు. రాత్రంతా తేర్చి, ఉతికిన కొత్త పంచెను మడతలు పెట్టి డ్రమ్ము మూతికి కట్టి వడగడతాడు. పిల్లకు పాలు కూడా తాను అంత శుభ్రంగా వడగట్టలేదని నవ్వాడు. అంగట్లో మూటలున్నాయి, ఊళ్లో నీళ్లున్నాయి, ఎక్కడో ఫ్యాక్టరీలో చేసినదాన్ని లారీలో తెచ్చుకోవడం ఎందుకన్నది ఆయన ఆలోచన. ఆ మాటలో తప్పు కనిపించకపోవడమే స్వర్ణకు భయం కలిగించింది.

ఆమె జల్లెడ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాసన చూశాడు.

"వేప," అన్నాడు. "వేప మంచిదే కదమ్మా."

"పైరుకు మంచిది మామా, పంపుకు కాదు. వేపనూనె నీళ్లలో కరగదు, నీ పంచెకు సిక్కదు. పోయి పోయి ఈ జల్లెడకు అంటుకుంటాది. ఆడ పూడిపోతే పంపు ఎంత పీల్చినా నీళ్లు రావు. నీళ్లు రాకుంటే ప్రెషర్ యాడినుంచి వస్తాది? బస్సును ఆపింది పంపు కాదు. నువ్వు పోసిన నీళ్లు."

అనేశాక గొంతు పెద్దదైందని ఆమెకే తెలిసింది. ఇన్నేళ్లలో మామ మీద ఆమె గొంతు పెంచడం ఇదే మొదలు. గోవిందస్వామి జల్లెడను బస్సు మెట్టు మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. ఏదో గుర్తు చేసుకుంటున్నవాడిలా ఆమె వైపు చూశాడు.

"నువ్వే కదమ్మా బాగుండాదని సెప్పింది."

స్వర్ణకు అర్థం కాలేదు. తానెప్పుడు చెప్పానని అడిగింది. దసరా ముందని ఆయన చెప్పాడు. చిన్న సీసాలో తెచ్చానని, అప్పుడు ఆమె ఒక టిప్పరు కింద ఉందని, బయటికొచ్చి ఒక చుక్క మీటరు మీద వేసి చూసిందని గుర్తు చేశాడు. అప్పుడు ఆమెకు అంతా కళ్ల ముందు కదిలింది. నిజమే. ఒక చెవి దగ్గర ఫోను పట్టుకుని, ఒక కంటికి మీటరు ఆనించుకుని, కరెక్టుగా ఉంది మామా అని చెప్పింది. మామ డీలర్‌షిప్ తీసుకోవాలనుకుంటున్నాడు కాబోలు, శాంపిల్ తెచ్చుకున్నాడు కాబోలు అనుకుంది. సీసా మూత దగ్గర ముక్కు పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది. ఎక్కడిదని ఒక్క మాట అడిగి ఉన్నా తెలిసేది. మామ తెచ్చాడు కాబట్టి అడగలేదు, మీటరు చెప్పింది కాబట్టి వాసన చూడలేదు.

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆమె చెప్పిందన్న ధైర్యంతోనే డ్రమ్ములకు డ్రమ్ములు చేశాడట. మదనపల్లె టమోటా మార్కెట్టుకు వచ్చే లారీవాళ్లు కొందరు ఇప్పుడు ఆయన దగ్గరే పోయించుకుంటున్నారట. మంచిదేనా అని ఎవరైనా సందేహిస్తే, సర్వీస్ సెంటర్లో పనిచేసిన మా స్వర్ణ స్వయంగా చూసి చెప్పిందని చెబుతున్నాడట. ఆ మాటకు ఇంకెవరూ మారు మాట్లాడలేదట.

స్వర్ణ మూలనున్న పాత పంపు పక్కనే నేలమీద కూలబడింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మామ మీద తెచ్చుకోవాలంటే, ఆయన చేసినదంతా ఆమె మాట మీద చేశాడు. ఆమె చదువంటే, ఆమె పనంటే ఊళ్లో అందరికంటే ఎక్కువ నమ్మినవాడు ఆయనే. ఆ నమ్మకమే నీళ్లలో కలిసి ఎన్ని లారీల ట్యాంకుల్లోకి వెళ్లిందో ఎవరికి తెలుసు. ఆమెకు ఏడుపొచ్చింది గానీ, మామ ముందు ఏడిస్తే ఆయన తట్టుకోలేడని ఆపుకుంది.

గోవిందస్వామి కూడా ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"మా అక్కకు నేను చెడు సేస్తానామ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమె కోపం సగం దిగిపోయింది. చేతులు కడుక్కుని కాఫీ గ్లాసు తీసుకుంది. జరగాల్సింది చూద్దామంది. ఈ రాత్రికే ట్యాంకు కడిగి, జల్లెడ మార్చి, పైపులన్నీ శుభ్రం చేసి, కంపెనీ డెఫ్ పోస్తుంది. తెల్లారేసరికి ఈ బస్సు సిద్ధంగా ఉంటుంది. రాజగోపాల్ సారుకు తానే వెళ్లి చెబుతుంది, పంపు విషయం కూడా దాచదు. మదనపల్లె లారీవాళ్ల దగ్గరికి ఇద్దరూ కలిసే వెళతారు. తిట్లు పడితే ఇద్దరికీ పడతాయి. అన్నీ చెప్పుకుంటూ పోతే ఆమెకే కాస్త ధైర్యం వచ్చింది. చిక్కు విడిపోయిందనే అనిపించింది.

కానీ మామ తలెత్తలేదు. గ్లాసు అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"పొద్దున అక్కను ఎక్కించను పోయినా," అన్నాడు చివరికి. "కొత్త బస్సుకు కూడా అయిపోయినాదని ఆదెప్ప అన్నాడు. డ్రమ్ములో అడుగున మిగిలిందంతా దానికే పోసేసినా. నిండా."

స్వర్ణ లేచి నిలబడింది. బయట ఎండ పలచబడి, రోడ్డు మీద నీడలు సాగుతున్నాయి. డ్రమ్ము అడుగు అంటే తేరిన మడ్డంతా అందులోనే ఉంటుంది. పాత బస్సుకు కొన్ని వారాల్లో జరిగింది, కొత్తదానికి ఒక్క ప్రయాణంలోనే జరగొచ్చు. ఈ వేళకు డయాలసిస్ ముగించుకుని కుప్పం నుంచి బయలుదేరే ఉంటారు. వి.కోట దాటాక పలమనేరు వచ్చేదాకా అడవి. పొద్దువాలేటప్పుడు ఆ రోడ్డు మీద ఏనుగులు తిరుగుతాయని ఈ ప్రాంతంలో పసిపిల్లలకూ తెలుసు.

ఆదెప్పకు ఫోను చేసింది. అందుబాటులో లేదంది. అమ్మకు చేసింది. అదే మాట. మామ తన ఫోను తీసి ఆయనా చేయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ చేస్తూనే ఉన్నారు. దొరికితే ఏం చెప్పాలని మామ అడిగాడు. ఒక్కటే చెప్పాలంది స్వర్ణ. దీపం వెలిగినా ఇంజను నడుస్తున్నంతసేపు నీరసంగానైనా లాక్కుని పలమనేరు చేరుకోవచ్చు. ఒక్కసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మాత్రం కంప్యూటర్ సైకిల్ వేగం దాటనివ్వదు. అదీ అడవిలో, చీకట్లో, కూర్చోడానికే ఓపిక లేనివాళ్లతో. కాబట్టి ఏం జరిగినా ఇంజను ఆపకూడదు.

ఆ మాట పూర్తికాకుండానే ఆమె ఫోను మోగింది. గంగులమ్మ. డయాలసిస్ అయిన రోజు ఆమె గొంతు ఎప్పుడూ సన్నగానే ఉంటుంది, ఇప్పుడు ఇంకా సన్నగా, గుసగుసగా ఉంది. వెనకాల ఇంజను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విని స్వర్ణకు ప్రాణం లేచొచ్చింది.

"పాపా, దారంతా బస్సు శానా నీరసంగా వచ్చినాది. పసుపు దీపం వచ్చినాదని ఆదెప్ప అంటాండాడు."

"అమ్మా, సెప్పేది విను. ఇంజను ఆపొద్దని సెప్పు. ఏం జరిగినా ఆపొద్దు."

తల్లి ఆ మాట ఆదెప్పకు చెప్పడం, అతడేదో మెల్లగా అనడం వినిపించాయి. బస్సులో ఎవరో దగ్గారు, ఎవరో ఉష్ అన్నారు. మామ వచ్చి ఫోనుకు చెవి ఆనించాడు. గంగులమ్మ గొంతు మళ్లీ వచ్చింది.

"బస్సు నిలబడే ఉండాది పాపా, ఇంజను ఒకటే నడస్తాండాది. రోడ్డు మీద ఏనుగులు ఉండాయి. గున్నలు కూడా ఉండాయి. బండి సప్పుడుకు తిరగబడతాయి, కనపడితే ఇంజను ఆపేసి గమ్మనుండాలని ఫారెస్టోళ్లు సెప్పినారంట ఆదెప్పకు. ఆపబోతా ఉంటే నీకు ఫోను కలిసింది. నువ్వు ఆపొద్దంటాండావు. బండి గురించి నీకు తెలిసినట్టు ఎవురికీ తెలీదు, పాప ఏం సెప్తే అదే సేస్తానంటాడు."

గోవిందస్వామి స్వర్ణ ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లలో ఇప్పటికీ ఆ నమ్మకం అలాగే ఉంది. ఆపమని చెబితే ముసురుకొచ్చే చీకట్లో, ఆ రోడ్డు మీద వాళ్లందరూ చిక్కుకుపోతారు. వద్దని చెబితే ఆ చప్పుడు ఏనుగుల చెవిలో మోగుతూనే ఉంటుంది. స్వర్ణ ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"బిన్నా, తొందరగా సెప్పు పాపా," అంది గంగులమ్మ. "ఒకటి ఇటే వస్తాండాది."